ఊర అధికులము, చట్టమున అల్పులము: కోలారు తెలుగువారు - రాజ్యాంగ కల్పనలు

దత్తత స్వీకరింపబడిన బిడ్డను ధర్మశాస్త్రము స్వంత బిడ్డగానే యెంచును. కడుపున పుట్టలేదని ఎల్లరెరుగుదురు. పుట్టినట్లు భావించుటకు ఎల్లరు సమ్మతింతురు. న్యాయవేత్తలు దీనిని న్యాయకల్పన యందురు. కోలారు తెలుగువారి స్థితిని ఇట్టి కల్పనలు రెండు నిర్ణయించినవి.

1982లో అమెరికా తత్త్వవేత్త పీటర్ స్యూబర్ 'నోమిక్' అను ఆటను లోకమునకు పరిచయము చేసెను. అందు ఆటగాడు వేయు ఎత్తు నియమమును మార్చుటయే. కొన్ని నియమములు సులభముగా మారును; కొన్ని అందరి సమ్మతి లేనిదే కదలవు. మన రాజ్యాంగమును ఇట్టిదే. దానిని సవరించు విధమును 368వ అధికరణము చెప్పును. ఆ అధికరణమును మార్చవలెనన్న సగము రాష్ట్రముల శాసనసభలును ఆమోదింపవలెను.

కాని రాష్ట్రముల ఎల్లలను పార్లమెంటు సామాన్యమైన అధిక సంఖ్యాకుల ఓటుతోనే మార్చవచ్చును. ఎల్ల మారినచో రాజ్యాంగపు మొదటి షెడ్యూలు మారక తప్పదు. ఐనను 368వ అధికరణము దృష్ట్యా అది సవరణగా భావింపబడదని 4వ అధికరణము శాసించినది. ఇది మొదటి కల్పన. దీనిని ఆమోదించిన రాజ్యాంగ సభలో మన జిల్లా క్యాసంబళ్ళి వారగు కె. చెంగలరాయరెడ్డి గారును సభ్యులు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినది ఈ మార్గముననే. కోలారు జిల్లాలో తెలుగువారే అధికులని గుర్తించియు, రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ సంఘము 1955లో దానిని కన్నడ రాష్ట్రమున నుంచుమనెను. 1956 నవంబరు 1న అమలైన చట్టము అట్లే చేసినది.

అదే దినమున ఏడవ సవరణయు అమలులోనికి వచ్చి 350-ఎ అధికరణమును చేర్చినది. ఇది 368వ అధికరణపు కఠిన మార్గమున వచ్చినది. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప రాష్ట్రములు ప్రయత్నింపవలెనని దాని సారాంశము.

అల్పసంఖ్యాకు లెవరు? శ్రీనివాసపురము, ముళబాగిలు సంతలలో తెలుగు ధారాళముగా వినబడుచున్నది. ఐనను 2002 అక్టోబరు 31న టి.ఎం.ఎ. పై ప్రతిష్ఠానపు వ్యాజ్యమున, అల్పసంఖ్యను రాష్ట్రము ప్రమాణముగా లెక్కింపవలెనని పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పెను. ఊరిలో అధికులము, చట్టములో అల్పులము. ఇది రెండవ కల్పన. దీనిని పరాభవముగా తలపరాదు. తాలూకాయే ప్రమాణమైనచో, మన సంఖ్యయే మన హక్కును హరించి యుండెడిది.

లోపము వేరొకచోట కలదు. 'ప్రయత్నము', 'తగిన' అను పదములందలి సందు మిక్కిలి విశాలము. ఎందరు బిడ్డలున్న ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనో ఆ అధికరణము చెప్పదు. బిడ్డలు తగ్గిరని ఉపాధ్యాయుని తీసివేయుదురు; ఉపాధ్యాయుడు లేడని తలిదండ్రులు బిడ్డలను వేరు బడికి పంపుదురు. తెలుగు బడిలో పాఠము చెప్పు నాకు ఈ వలయము నిత్యానుభవము. ఇందు ఎవరును నియమమును అతిక్రమింపలేదు; బడి మాత్రము మూతపడును.

ఈ సందును పూడ్చుటకు మరియొక సవరణ వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. జూన్ మాసమున బడి తెరచునాడు మన బిడ్డల పేర్లు తెలుగు తరగతి పట్టికలో నుండినచో, 'తగిన సౌకర్యము' కోరుటకు మనకు ఆధారము లభించును. పట్టిక శూన్యమైనచో ఏ అధికరణమును అక్షరము దిద్దింపజాలదు.