కాలిన నెగటివ్ నుంచి 4కె దాకా: అపు చిత్రత్రయం మళ్ళీ మన ఇంటికొచ్చిన కథ

1992 మార్చి 30న జరిగిన ఆస్కార్ వేడుకలో సత్యజిత్ రేకి గౌరవ పురస్కారం ఇచ్చారు. ఆయన అప్పటికే కలకత్తాలో ఆస్పత్రి మంచాన ఉన్నారు. మంచం మీదే ఆ బంగారు బొమ్మను చేత్తో పట్టుకుని మాట్లాడిన నాలుగు మాటలను రికార్డు చేసి వేడుకలో వేశారు. ఆ తర్వాత 24 రోజులకే, ఏప్రిల్ 23న, ఆయన కన్నుమూశారు.

ఆ వేడుకలో చూపించడానికి రే సినిమాల్లోంచి కొన్ని దృశ్యాలు కావాలని, ఆస్కార్లు ఇచ్చే అకాడమీ వాళ్ళు వెతికారు. ప్రపంచమంతా గొప్పవాడని ఒప్పుకున్న దర్శకుడాయన. అయినా తెర మీద వేయదగ్గ బొమ్మ దొరకడమే కష్టమైంది. దొరికినవన్నీ అరిగిపోయి, గీతలు పడ్డ ప్రింట్లు. మరి అసలు నెగటివ్‌ల సంగతేమిటని ఆరా తీస్తే, కలకత్తా ఉక్కపోతలో ఏళ్ళ తరబడి ఉండి అవీ పాడవుతున్నాయని తేలింది. వాటిని ఎలాగైనా కాపాడాలన్న ప్రయత్నం అక్కడ మొదలైంది.

ఆ ప్రయత్నమే మొదట పెద్ద నష్టం తెచ్చింది. రే సినిమాల నెగటివ్‌లు కొన్ని లండన్‌లోని హెండర్సన్స్ అనే ల్యాబ్‌కు చేరాయి. 1993 జులైలో ఆ ల్యాబ్ తగలబడింది. పాత నైట్రేట్ ఫిల్మ్ అక్కడ నిల్వ ఉండేది. నైట్రేట్ అంటుకుంటే ఆర్పడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే మండుతున్నప్పుడు కావలసిన ఆక్సిజన్‌ను అదే పుట్టించుకుంటుంది. పాత బ్రిటిష్ సినిమాల నెగటివ్‌లు ఎన్నో ఆ మంటల్లో పోయాయి. వాటితోపాటు అపు చిత్రత్రయమైన 'పథేర్ పాంచాలి' (1955), 'అపరాజితో' (1956), 'అపుర్ సంసార్' (1959) నెగటివ్‌లు కూడా.

కొన్ని రీళ్ళు బూడిదయ్యాయి, కొన్ని అంచులు కాలి మెలికలు తిరిగాయి. మరికొన్నింటిలో టేపూ జిగురూ కరిగి, చుట్టలోని పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అంతగా దెబ్బతిన్న ఫిల్మ్‌ను బాగుచేసే సాంకేతికత ఆ రోజుల్లో లేదు. అయినా అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళు ఒక్క ముక్క కూడా పారేయలేదు. మసిబారిన డబ్బాలనూ తునకలనూ తెప్పించుకుని తమ గోదాములో భద్రపరిచారు. ఈ కథలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా కనిపించే పని అదే. ఎప్పటికైనా ఉపయోగపడుతుందన్న హామీ ఏమీ లేకుండానే ఇరవై ఏళ్ళు కాచుకుని కూర్చున్నారు.

ఈ లోపల ఇళ్ళలో సినిమా చూసే పద్ధతి మారిపోతూ వచ్చింది. వీడియో క్యాసెట్‌లో బొమ్మ సుమారు 240 గీతలకు మించి ఉండేది కాదు. 1990ల చివర డీవీడీ వచ్చి ఒక్కో ఫ్రేముకు మూడున్నర, నాలుగు లక్షల పిక్సెళ్ళు ఇచ్చింది. 2006లో బ్లూరే వచ్చాక ఆ లెక్క ఇరవై లక్షలు దాటింది. 2016లో మొదలైన 4కె డిస్కుల్లో ఒక్కో ఫ్రేముకు దాదాపు 83 లక్షల పిక్సెళ్ళు. కానీ డిస్కులో ఎంత చోటుంటే ఏం లాభం, అందులో పెట్టడానికి బొమ్మే లేకపోతే? నెగటివ్ నుంచి ఫైన్‌గ్రెయిన్ మాస్టర్, దాని నుంచి డ్యూప్ నెగటివ్, దాని నుంచి ప్రింటు తీస్తారు. జిరాక్స్ కాగితాన్ని మళ్ళీ జిరాక్స్ తీసినట్టు, మెట్టు మెట్టుకీ నీడల్లోని వివరాలు పోయి నలుపూ తెలుపూ మొరటుబారతాయి. అపు సినిమాల క్యాసెట్లూ డీవీడీలూ అలాంటి నకళ్ళ నుంచి వచ్చినవే. పథేర్ పాంచాలి అంటే మసకగా ఉండే సినిమా అని ఒక తరం ప్రేక్షకులు నమ్మడానికి కారణం అదే. ఆ మసకకీ ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రకీ ఏ సంబంధమూ లేదు.

2013లో అమెరికాలోని క్రైటీరియన్ సంస్థ అకాడమీ ఆర్కైవ్‌తో కలిసి పని మొదలుపెట్టింది. ఈ సంస్థ 1984లో లేజర్‌డిస్కులతో మొదలై, పాత గొప్ప సినిమాలను ఇంటి తెరకు శ్రద్ధగా తీసుకురావడమే వృత్తిగా పెట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా ఎవరూ తెరవని ఆ డబ్బాలను తెరిచి చూస్తే కొంత బూడిదే మిగిలింది. చాలా రీళ్ళకు మొదళ్ళూ చివర్లూ లేవు. అయినా మధ్యలో పొడుగాటి భాగాలు మిగిలి ఉన్నాయి, వాటి మీద బొమ్మ కూడా ఉంది. ఇంత పెళుసుబారిన ఫిల్మ్‌ను ముట్టుకోవడానికి వ్యాపార ల్యాబ్‌లేవీ ముందుకు రాలేదు. చివరికి ఇటలీలోని బొలోన్యా నగరంలో ఉన్న 'లిమ్మాజినే రిత్రోవాతా' అనే పునరుద్ధరణ ల్యాబ్ ఆ పని తీసుకుంది.

అక్కడ జరిగిన పనిని కాస్త దగ్గరగా చూడాలి. ఎండి పెళుసెక్కిన ఫిల్మ్ విప్పబోతే విరిగిపోతుంది. కాబట్టి ముందు దానికి మళ్ళీ తేమ పట్టించి మెత్తబరిచారు. కరిగి అంటుకున్న టేపునీ మైనాన్నీ జిగురునీ ప్రత్యేకమైన ద్రావకాలతో, బొమ్మ ఉన్న పొర చెదరకుండా తొలగించారు. ఆ తర్వాతిది మరీ ఓపిక పని. 35 ఎం.ఎం. ఫిల్మ్‌కు ఒక్కో ఫ్రేము పక్కన అటు నాలుగు, ఇటు నాలుగు రంధ్రాలుంటాయి. యంత్రం పళ్ళు ఆ రంధ్రాల్లో దిగి ఫిల్మ్‌ను నడిపిస్తాయి. రంధ్రం చినిగితే ఫ్రేము నిలకడగా ఆగదు, బొమ్మ ఊగుతుంది. సెకనుకు 24 ఫ్రేములు నడిచే సినిమాలో, కాలి చినిగిన రంధ్రాలను చేత్తో, ఒక్కొక్కటిగా, మళ్ళీ కట్టుకుంటూ వచ్చారు. రంధ్రాలు కట్టడానికీ జిగురు తీయడానికీ కలిపి దాదాపు వెయ్యి గంటల చేతిపని పట్టింది. కంప్యూటర్ పని అప్పటికింకా మొదలే కాలేదు.

తర్వాత 4కె స్కానింగ్. ఒక్కో ఫ్రేమునూ సూదుల్లాంటి పిన్నులతో కదలకుండా పట్టి, ఫిల్మ్‌ను ఒక ద్రవంలో తడిపి స్కాన్ చేస్తారు. ఆ ద్రవం సన్నని గీతల్లోకి నిండి కాంతి చెదరకుండా చేస్తుంది. దాంతో చాలా గీతలు అసలు నమోదే కావు. ఇంత చేస్తే చివరికి 'పథేర్ పాంచాలి' నెగటివ్‌లో 40 శాతం, 'అపరాజితో'లో 60 శాతానికి పైగా పనికొచ్చాయి. 'అపుర్ సంసార్' నెగటివ్ మాత్రం దక్కలేదు. దాన్ని పూర్తిగానూ, మిగతా రెండింటిలో లోటు పడ్డ భాగాలనూ జానస్ ఫిల్మ్స్, అకాడమీ, హార్వర్డ్ ఫిల్మ్ ఆర్కైవ్, బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దాచి ఉంచిన ఫైన్‌గ్రెయిన్ మాస్టర్లు, డ్యూప్ నెగటివ్‌ల నుంచి పూరించారు. నాలుగు చోట్ల కాపీలు ఉండబట్టే ఆ సినిమాలు పూర్తి సినిమాలుగా మిగిలాయి.

క్రైటీరియన్ సొంత ల్యాబ్‌లో డిజిటల్ పనికి మరో ఆరు నెలలు పట్టింది. ఇక్కడ వాళ్ళు చూపిన నిగ్రహాన్ని మెచ్చుకోవాలి. సాఫ్ట్‌వేర్‌తో గ్రెయిన్ (ఫిల్మ్ మీది సన్నని రేణువులు) మొత్తం తుడిచేసి బొమ్మను నున్నగా చేయడం చాలా తేలిక. కానీ గ్రెయిన్‌తో పాటు బొమ్మలోని ప్రాణమూ పోతుంది. 'పథేర్ పాంచాలి'లో ముసలి అత్త ఇందిర్‌గా వేసిన చునీబాలా దేవి ముఖంలోని ముడతలు, ఆవిడ చిరుగుల శాలువా పోగులు, పెచ్చులూడిన ఇటుక గోడ, ఇవన్నీ ఆ గ్రెయిన్‌లోనే ఉన్నాయి. అందుకే కొన్ని మచ్చలు మిగిలినా సరే, సినిమా స్వభావాన్ని మార్చకూడదనుకున్నారు. 'అపరాజితో'లోని కాశీ ఇల్లు నిజానికి కలకత్తా స్టూడియోలో వేసిన సెట్టు. దానిపైన గుడ్డ కట్టి, లైట్లను దాని మీద కొట్టి, తిరిగి కిందికి పడే మెత్తటి కాంతితో సుబ్రత మిత్ర ఆకాశపు వెలుగును తెప్పించారు. క్యాసెట్‌లో ఆ గోడలు ఒట్టి బూడిద రంగు. ఇప్పుడు వెలుగు పైనుంచి దిగి, మూలల్లోకి వెళ్ళేకొద్దీ ఎలా పల్చబడుతుందో స్పష్టంగా కనిపిస్తుంది.

పథేర్ పాంచాలి ప్రపంచంలో మొట్టమొదట ప్రదర్శితమైంది 1955 మే నెలలో, న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో. రే బృందం రాత్రింబగళ్ళు పనిచేసి, సబ్‌టైటిల్స్ కూడా లేని ప్రింటును విమానం ఎక్కించింది. పునరుద్ధరించిన సినిమాను 2015 మే 4న మళ్ళీ అక్కడే వేశారు. ఆ నవంబరులో మూడు సినిమాలూ బ్లూరేగా విడుదలయ్యాయి. తర్వాత 4కె డిస్కులూ వచ్చాయి. రెండోసారి ఎవరూ బొలోన్యా వెళ్ళనక్కర్లేకపోయింది. 4కెలో చేసిన స్కాన్ అప్పటికే చేతిలో ఉంది.

మన దగ్గర పాత సినిమాకు కొత్త హంగు అంటే వెంటనే గుర్తొచ్చేది 2010లో రంగుల్లో విడుదలైన 'మాయాబజార్'. హైదరాబాద్‌లో ఆ పని చేసినవారి శ్రమ చిన్నది కాదు, జనం థియేటర్లకు కదిలొచ్చారు కూడా. అయినా నా మట్టుకు, ఆ సినిమా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపుల్లో వేసిన వెన్నెలే వెన్నెల. రంగులద్దడం కన్నా ముందు, ఉన్నదాన్ని ఉన్నట్టుగా నిలపడం మన బాధ్యత. ఆ పని నేర్పడానికే 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ హైదరాబాద్‌లో వర్క్‌షాపు నడిపింది. నేర్చుకున్నవాళ్ళున్నారు. వాళ్ళ చేతికి నెగటివ్‌లు అందాలి.

మన దేశంలో పాత రీళ్ళను ఫిల్మ్‌లోని వెండి కోసం తూకానికి అమ్మేశారు, తడి గోడౌన్లలో వదిలేశారు. పాత నిర్మాతల, పంపిణీదారుల, థియేటర్ యజమానుల కుటుంబాలకు నాదొక విన్నపం. మీ ఇంటి అటక మీదో ఆఫీసు మూలనో తుప్పుపట్టిన రీళ్ళ డబ్బాలుంటే పారేయకండి, తూకానికి వేయకండి. మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే ఫిల్మ్ కుళ్ళడం మొదలైనట్టే, అయినా ఆశ వదులుకోవద్దు. దాన్ని మీరు ప్రొజెక్టర్‌కు ఎక్కించి చూసే ప్రయత్నం చేయకుండా, పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఒక కబురు పెట్టండి.