మిషిగన్ – ఒహాయో స్టేట్: చేతులు మారుతూ వచ్చిన ఆధిపత్యం

అమెరికా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్‌లో ‘ది గేమ్’ అంటే అత్యధికులకు గుర్తుకు వచ్చేది మిషిగన్, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయాల మధ్య ఏటా నవంబరు చివర జరిగే పోటీ. హార్వర్డ్, యేల్‌లు కూడా తమ పోటీకి ఇదే పేరు చెప్పుకుంటాయి. ఆ తగవు వేరు. భారత పాఠకులకు పరిచయమున్న ఫుట్‌బాల్ కాదిది. కోడిగుడ్డు ఆకారంలోని బంతిని చేతబట్టుకుని లేదా విసిరి ప్రత్యర్థి హద్దురేఖ దాటించే ఆట. కోల్‌కతాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల మధ్య ఉన్న పట్టుదల తెలిసినవారికి దీని ఉద్వేగాన్ని ఊహించడం కష్టం కాదు.

ఆన్ ఆర్బర్, కొలంబస్ నగరాల మధ్య దూరం సుమారు 300 కిలోమీటర్లు. ఈ వైరానికి మూలం 1835 నాటి ‘టొలీడో యుద్ధం’లో ఉందని అభిమానులు చెబుతారు. టొలీడో పట్టణం ఉన్న సన్నని భూభాగం తమదంటే తమదని ఒహాయో రాష్ట్రం, నాటి మిషిగన్ టెరిటరీ సాయుధ దళాలను సరిహద్దుకు పంపాయి. చివరకు టొలీడో ఒహాయోకు దక్కింది. పరిహారంగా ఉత్తరాన ఉన్న ద్వీపకల్పాన్ని పొందిన మిషిగన్ 1837 జనవరిలో రాష్ట్రమైంది. రాగి, ఇనుప గనులు బయటపడిన తర్వాత ఆ బేరంలో మిషిగన్ నష్టపోలేదని తేలింది. అయితే ఆ సరిహద్దు తగాదాకూ తొలి ఆటకూ మధ్య అరవై ఏళ్ల ఎడం ఉంది. ఆ పాత కథను వైరానికి పునాదిగా కంటే తర్వాత తొడిగిన అలంకారంగా చూడటమే సబబు.

తొలి పోటీ 1897లో ఆన్ ఆర్బర్‌లో జరిగింది. మిషిగన్ 34-0తో గెలిచింది. ఆ తర్వాత రెండు దశాబ్దాల పాటు దీన్ని సమ ఉజ్జీల పోరు అనడానికి వీల్లేదు. మొదటి 15 ఆటల్లో మిషిగన్ 13 గెలవగా రెండు సమమయ్యాయి. చిక్ హార్లీ ఆడిన 1919 జట్టు 13-3తో నెగ్గేదాకా ఒహాయో స్టేట్‌కు ఒక్క విజయమూ లేదు. 1922లో కొలంబస్‌లో కొత్త స్టేడియం ప్రారంభోత్సవ ఆటకు మిషిగన్‌ను పిలిస్తే, అతిథి జట్టు 19-0తో గెలిచి వెళ్లింది.

1934లో ఒహాయో స్టేట్‌కు వచ్చిన కోచ్ ఫ్రాన్సిస్ ష్మిట్ మిషిగన్ ఆటగాళ్లూ అందరిలాగే ఒక్కో కాలే లాగులో పెట్టుకుంటారని అన్నాడు. ఆ ఏడాది ఆయన జట్టు 34-0తో గెలిచింది. మిషిగన్‌పై నెగ్గినప్పుడల్లా ఆటగాళ్లకు చిన్న బంగారు లాగు బొమ్మను బహూకరించే ఆనవాయితీ అప్పుడే మొదలైంది. మరుసటి ఏడాది నుంచి ఈ పోటీని సీజన్ చివరి ఆటగా నిర్వహించడం స్థిరపడింది. 1950లో మంచు తుపానులో జరిగిన ఆటలో మిషిగన్ ఒక్క ‘ఫస్ట్ డౌన్’ కూడా సాధించకుండానే 9-3తో గెలిచింది. ఆ ఓటమి తర్వాత కోచ్ వెస్ ఫెస్లర్ తప్పుకోగా, ఆయన స్థానంలో వుడీ హేస్ వచ్చాడు.

ఈ వైరం జాతీయ స్థాయికి ఎదగడానికి హేస్, ఆయన పూర్వ శిష్యుడు బో షెంబెక్లర్ ముఖ్య కారకులు. 1969లో మిషిగన్ పగ్గాలు చేపట్టిన షెంబెక్లర్, వరుసగా 22 ఆటలు గెలిచి వచ్చిన గురువు జట్టును తొలి ఏడాదే 24-12తో ఓడించాడు. 1978 వరకు సాగిన ఈ ‘పదేళ్ల యుద్ధం’లో మిషిగన్‌కు ఐదు, ఒహాయో స్టేట్‌కు నాలుగు విజయాలు దక్కాయి, ఒకటి సమమైంది.

సమమైన ఆ ఒక్క ఆటే అన్నిటికన్నా చేదు మిగిల్చింది. 1973లో ఓటమి ఎరుగని రెండు జట్లూ 10-10 వద్ద ఆగిపోయాయి. బిగ్ టెన్ సమాఖ్య నుంచి ఒక్క జట్టే, అదీ కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్‌కే వెళ్లాలన్నది అప్పటి నియమం. సభ్య విశ్వవిద్యాలయాల క్రీడా డైరెక్టర్లు ఓటు వేసి ఒహాయో స్టేట్‌ను పంపారు. 1972 నుంచి 1974 వరకు మూడు సీజన్లలో రెండే ఆటలు ఓడిన మిషిగన్, ఒక్కసారి కూడా సీజన్ అనంతర పోటీకి వెళ్లలేకపోయింది. 1975లో ఆ నియమాన్ని సడలించారు.

తర్వాతి కాలంలో మొగ్గు ఒక్కో దఫా ఒక్కో వైపు పూర్తిగా ఒరిగింది. 1988–2000 మధ్య ఒహాయో స్టేట్ కోచ్ జాన్ కూపర్ మిషిగన్‌పై 13 ఆటల్లో రెండే గెలిచాడు. తక్కిన అర్హతలెన్ని ఉన్నా ఆయనను ఆ లెక్కే వెంటాడింది. ఆ తర్వాత వచ్చిన జిమ్ ట్రెసెల్ ఆ లెక్కను తలకిందులు చేశాడు. 2006లో తొలి రెండు ర్యాంకుల జట్లుగా తలపడినప్పుడు ఒహాయో స్టేట్ 42-39తో నెగ్గింది. ఆటకు ముందు రోజే షెంబెక్లర్ కన్నుమూశాడు. 2012 నుంచి 2019 వరకు ఎనిమిది ఆటలూ ఒహాయో స్టేట్‌వే. 1918 నుంచి ఏటా జరుగుతున్న పోటీ కోవిడ్ వల్ల 2020లో ఆగింది. ఆ విరామం తర్వాత మిషిగన్ వరుసగా నాలుగేళ్లు గెలిచింది. ప్రత్యర్థుల సంకేతాలను అక్రమంగా సేకరించారన్న ఆరోపణలపై కోచ్ జిమ్ హార్బా సస్పెన్షన్‌లో ఉన్న 2023లో కూడా 30-24తో నెగ్గి, ఆపై జాతీయ టైటిల్ సాధించింది.

ఆట ఫలితం కన్నా దాని విలువ ఎక్కువగా మారింది 2024లోనే. సొంత మైదానంలో ఒహాయో స్టేట్ 13-10తో ఓడింది. మైదానం మధ్య మిషిగన్ ఆటగాళ్లు తమ జెండా నాటబోవడంతో ఘర్షణ చెలరేగింది. పోలీసులు పెప్పర్ స్ప్రే వాడారు. రెండు విశ్వవిద్యాలయాలకూ లక్ష డాలర్ల చొప్పున జరిమానా పడింది. అయినా ఆ ఏడాదే 12 జట్లకు విస్తరించిన ప్లేఆఫ్‌లో చోటు దక్కించుకున్న ఒహాయో స్టేట్, 2025 జనవరి 20న నోటర్ డేమ్‌ను 34-23తో ఓడించి జాతీయ విజేతగా నిలిచింది. 1973లో సమమైన ఆట ఒక జట్టు సీజన్‌ను ముగించింది. ఇప్పుడు ఓడిన జట్టే కిరీటం ధరించగలుగుతోంది. 18 జట్లకు పెరిగిన బిగ్ టెన్‌లో ఈ రెండూ వారం తేడాతో సమాఖ్య ఫైనల్‌లో మళ్లీ తలపడే అవకాశమూ ఉంది.

2025 నవంబరు 29న ఆన్ ఆర్బర్‌లో ఒహాయో స్టేట్ 27-9తో గెలిచింది. మొత్తం గెలుపుల్లో మిషిగన్‌దే ఇంకా పైచేయి. 2021లో కొలంబస్‌లో చేరి 2024 జట్టుతో నిష్క్రమించిన ఆటగాళ్లకు జాతీయ విజేతల ఉంగరం దక్కింది కానీ బంగారు లాగు మాత్రం దక్కలేదు.