అరచేతి తెర మీద మహానగరం: మొబైల్ మ్యాప్‌లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

2025 సెప్టెంబరు 22 రాత్రి పట్టుకున్న వాన తెల్లారేసరికి కోల్‌కతాను ముంచేసింది. 24 గంటల్లో 250 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. దుర్గాపూజ ఇంకో వారం కూడా లేదు. రోడ్లు కాలువలయ్యాయి, మెట్రో కొంతమేర ఆగిపోయింది, పలువురు ప్రాణాలు కోల్పోయారు. మృతుల్లో ఎక్కువ మందిని బలిగొన్నది నీళ్లలోకి పారిన కరెంటు. ఆ ఉదయం ఇంట్లోంచి అడుగు బయటపెట్టాల్సిన మనిషికి కావాల్సిన సమాచారమంతా ఒక్క మ్యాప్‌లో ఇమిడేదే: ఏ వీధిలో నీళ్లున్నాయి, ఎంత లోతున్నాయి, ఎటు నుంచి వెళ్తే మెరక. కాకపోతే ఆ మ్యాప్‌ను చూడాల్సింది ఒక చేత్తో గొడుగు, రెండో చేత్తో తడిసిన ఫోను పట్టుకుని. తెర మీద పడ్డ వాన చుక్కను కూడా ఫోను ఒక్కోసారి వేలిస్పర్శే అనుకుంటుంది.

ఇలాంటి వేళ సాధారణంగా వాట్సాప్‌లో తిరిగేది ఎ4 కాగితం కోసం తయారుచేసిన మ్యాప్ బొమ్మ. 21 సెంటీమీటర్ల వెడల్పు కాగితం మీద 8 పాయింట్ల అక్షరం హాయిగా చదవొచ్చు. అదే బొమ్మ 7 సెంటీమీటర్ల తెరలోకి దిగితే ఆ అక్షరం మూడో వంతుకు, అంటే రెండున్నర పాయింట్ల చిల్లరకు కుదించుకుపోతుంది. రెండు వేళ్లతో సాగదీస్తే అక్షరాలు పెద్దవవుతాయి గానీ చుట్టూ ఉన్న ఊరు తెర దాటిపోతుంది. ఫార్వర్డ్ అయ్యేకొద్దీ బొమ్మ నాణ్యత తగ్గి, చివరికి అక్షరాలు మసకబారతాయి. మ్యాప్ అందరికీ చేరుతుంది, ఎవరికీ పనికిరాదు.

తెర ఎంత, ఊరు ఎంత?

సర్వే ఆఫ్ ఇండియా ముద్రించే 1:50,000 టోపో షీటు కోల్‌కతా అక్షాంశం దగ్గర సుమారు 55 సెంటీమీటర్ల పొడవు, 51 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. సగటు ఫోన్ తెరలు పాతికకు పైగా పరిస్తే గానీ ఆ షీటు నిండదు. కాబట్టి కాగితం మ్యాప్‌కు, ఫోన్ మ్యాప్‌కు మధ్య తేడా సైజుతో ఆగదు. ఒకటి బల్ల మీద పరిచి, వంగి, తీరిగ్గా చూసే వస్తువు. రెండోది కిటికీలోంచి తొంగిచూడటం లాంటిది.

ఆ కిటికీ ఎంతో లెక్క కట్టొచ్చు. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాక వెబ్ మ్యాప్‌లన్నీ దాదాపు ఒకే పద్ధతికి అలవాటుపడ్డాయి. సున్నా జూమ్‌లో ప్రపంచమంతా 256 పిక్సెళ్ల ఒకే ఒక పలక. జూమ్ ఒక మెట్టు పెరిగినప్పుడల్లా ఒక్కో పలక నాలుగవుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల తెర వెడల్పు సాధారణంగా 360 పిక్సెళ్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇవి డిజైన్ లెక్కలో వాడే పిక్సెళ్లు, తెరలో నిజంగా ఉండే చుక్కలు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కోల్‌కతా అక్షాంశం దగ్గర 12వ జూమ్‌లో ఆ వెడల్పులో పట్టేది సుమారు 12.7 కిలోమీటర్లు. 15వ జూమ్‌లో 1.6 కిలోమీటర్లు. 17కు వెళ్తే 400 మీటర్లే. వీధి కనిపించాలంటే నగరాన్ని వదులుకోవాలి. నగరం కనిపించాలంటే వీధిని వదులుకోవాలి. రెండూ ఒకేసారి చూపబోయిన మ్యాప్‌లో ఏదీ సరిగా కనిపించదు.

ఇక వేలు సంగతి. తాకడానికి పెట్టే గుర్తు కనీసం 48 యూనిట్లు ఉండాలని గూగుల్, 44 ఉండాలని ఆపిల్ తమ డిజైన్ మార్గదర్శకాల్లో చెబుతాయి. 12వ జూమ్‌లో 48 పిక్సెళ్లంటే నేల మీద సుమారు 1.7 కిలోమీటర్లు. కోల్‌కతా నడిబొడ్డున ఎస్ప్లనేడ్, చాందినీ చౌక్, సెంట్రల్ మెట్రో స్టేషన్లు ఒకదానికొకటి కిలోమీటరు లోపే ఉన్నాయి. అంటే చాందినీ చౌక్ మీద వేలు పెడితే పక్క రెండు స్టేషన్లు కూడా దాని కిందికే వస్తాయి. ప్రయాణికుడు ఏది నొక్కాడో ఫోనుకూ తెలియదు, అతనికీ తెలియదు.

మెట్రో మ్యాప్ నేర్పే పాఠం

1984 అక్టోబరు 24న దేశంలో తొలి మెట్రో కోల్‌కతాలోనే, ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ వరకు నడిచింది. దశాబ్దాల పాటు అది ఉత్తర, దక్షిణాలుగా సాగే ఒకే గీత. నిలువుగా పట్టుకునే ఫోనుకు అంతకంటే అనువైన మ్యాప్ ఉండదు. హుగ్లీ నది పక్కన నిలువునా పెరిగిన ఊరు, నిలువు తెర. ఆ సుఖం ఇప్పుడు లేదు. 2024 మార్చిలో నది కింది నుంచి హౌరా మైదాన్, ఎస్ప్లనేడ్ మధ్య రైలు మొదలైంది. 2025 ఆగస్టు 22న సియాల్దా, ఎస్ప్లనేడ్ మధ్య మిగిలిన ముక్క కూడా కలవడంతో హౌరా మైదాన్ నుంచి సాల్ట్ లేక్ సెక్టార్ 5 దాకా అడ్డంగా ఒక గీత సిద్ధమైంది. విమానాశ్రయం వైపు, జోకా వైపు, తూర్పు బైపాస్ వెంట వేరే గీతలు వచ్చాయి.

ఇక్కడ పాత చిట్కా ఒకటి పనికొస్తుంది. లండన్ భూగర్భ రైలు కోసం హ్యారీ బెక్ గీసిన మ్యాప్ 1933లో జనం చేతికొచ్చింది. స్టేషన్ల మధ్య నిజమైన దూరాలను పక్కనపెట్టి, నడిమి స్టేషన్లను ఎడంగా, శివారు స్టేషన్లను దగ్గరగా జరిపి, గీతలను నిటారుగానో ఏటవాలుగానో సరిచేశాడు. చిన్న తెరకు ఈ పద్ధతి చక్కగా నప్పుతుంది. కానీ దీనికీ ఒక చేటు ఉంది. ఎక్కడ మారాలో చెప్పే మ్యాప్, దిగాక ఎంత నడవాలో చెప్పదు. అందుకే రైల్లో ఉన్నంతసేపూ గీతల మ్యాప్, స్టేషన్ బయటికొచ్చాక భూమికి కట్టుబడిన మ్యాప్ చూపే యాప్ ఈ రెండింటినీ కలిపి వండే యాప్ కంటే మేలు.

పేర్లతో వచ్చే చిక్కు కోల్‌కతాకు ప్రత్యేకం. టాలీగంజ్ స్టేషన్ పేరు మహానాయక్ ఉత్తమ్ కుమార్. బాన్స్‌ద్రోణిది మాస్టర్‌దా సూర్యసేన్. నాక్‌తలాది గీతాంజలి. గౌరవార్థం పెట్టిన పేర్లే, కాదనడానికి లేదు. అయితే ఆటోవాలాకు చెప్పే పేరు టాలీగంజ్. పొడవాటి అధికారిక పేరును 360 పిక్సెళ్లలో ఇరికించి వాడుకలోని పేరు తీసేస్తే కొత్తగా వచ్చినవాడు దారి తప్పుతాడు. వాడుక పేరు ఒక్కటే ఉంచితే రైల్లో వినిపించే ప్రకటన అర్థం కాదు. వెతుకులాటలో రెండు పేర్లూ పలకాలి. తెర మీద జూమ్‌ను బట్టి ముందు ఒకటి, తర్వాత రెండోది కనిపించాలి.

వదిలేయడమూ ఒక విద్యే

మ్యాప్‌లోంచి వివరాలు తీసేయడం ఫోన్లతో పుట్టిన అవసరం కాదు. జేమ్స్ రెన్నెల్ 1767లో బెంగాల్ సర్వేయర్ జనరల్ అయినప్పటి నుంచీ ఈ ఊళ్లో పటాలు గీసేవాళ్లు ఆ పని చేస్తూనే ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1956లో భూగోళ శాస్త్రవేత్త శివప్రసాద్ చటర్జీ సారథ్యంలో ఇక్కడే జాతీయ అట్లాస్ సంస్థ పుట్టింది. ఇవాళ దాన్ని నాట్మో అంటున్నారు. మరుసటి ఏడాదే అది హిందీలో భారత జాతీయ అట్లాస్ తెచ్చింది. ఒక దేశపు వానలనూ పంటలనూ జనాన్నీ ఒక్కో షీటుకు కుదించడమంటే, ఏది వదిలేయాలో ప్రతిసారీ తేల్చుకోవడమే.

ఇందుకో మోటు లెక్క కూడా ఉంది. జర్మన్ కార్టోగ్రాఫర్ టోప్ఫర్ పేరు మీద దీన్ని పిలుస్తారు. స్కేలు ఎన్ని రెట్లు తగ్గితే, ఉంచాల్సిన అంశాల సంఖ్యను దాని వర్గమూలంతో భాగించాలి. 12వ జూమ్‌లో ఫోన్ తెర స్కేలు దాదాపు 1:2,00,000. టోపో షీటు కంటే నాలుగు రెట్లు చిన్నది. ఈ లెక్కన షీటు మీది 100 అంశాల్లో 50 మిగలాలి. కానీ అవి సర్దుకోవాల్సిన జాగా పదహారో వంతే. కాగితం మీద, నిలకడైన వెలుతురులో చూసే మ్యాప్ కోసం పుట్టిన సూత్రమిది. కదిలే బస్సులో, ఎండలో చూసే తెర మీద 50 కూడా ఎక్కువే.

అన్నట్టు ఇదే నాట్మో చూపులేనివారి కోసం బ్రెయిలీ అట్లాస్ కూడా తయారుచేసింది. వేలితో తడిమి చదివే పటంలో రెండు గీతల మధ్య చాలినంత ఎడం లేకపోతే రెండూ ఒకటే అనిపిస్తాయి. మొబైల్ యాప్‌లు చేసేవాళ్లు విదేశీ డిజైన్ పుస్తకాలు తిరగేసే ముందు, ఒకసారి దాని మీద వేలు పెట్టి చూడటం మంచిది.

పిన్ను ఎక్కడ గుచ్చాలి?

దుర్గాపూజ రోజుల్లో కోల్‌కతా పోలీసులు ఏటా మండపాల గైడ్ మ్యాప్ విడుదల చేస్తారు. మండపాలు వేల సంఖ్యలో ఉంటాయి. గరియాహాట్ దగ్గర ఏక్‌డాలియా ఎవర్‌గ్రీన్, సింఘీ పార్క్ లాంటి పేరున్న మండపాలు నాలుగడుగుల దూరంలోనే ఉంటాయి. ఫోన్ మ్యాప్‌లో పిన్నులు ఒకదాని మీద ఒకటి పడి ముద్దవుతాయి. వీటిని కలిపి ‘12’ అంకె వేసిన ఒక గుండ్రంగా చూపడం ఇప్పుడు మామూలైంది. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, నిజమే. కానీ ఆ అంకె చూసి ఎవరూ ఎటూ వెళ్లలేరు. ‘గరియాహాట్, 12 మండపాలు’ అని పేటపేరు జోడిస్తే అదే గుండ్రం దారి చూపుతుంది.

అంతకంటే పెద్ద తప్పు మరొకటి ఉంది. పిన్నును మండపం నడిమధ్యలో గుచ్చుతారు. పూజ రాత్రుల్లో జనాన్ని వెదురు కంచెల మధ్య ఒకే దిశలో నడిపిస్తారు, లోపలికి ఒక దారి, బయటికి వేరే దారి. పిన్ను చూసి దగ్గరి దారిన వెళ్లినవాడు బయటికి వచ్చే వరుసకు ఎదురుపడతాడు. అంత రద్దీలో అది చిరాకుతో పోయే విషయం కాదు, తొక్కిసలాటకు దారితీయొచ్చు. పిన్ను ఉండాల్సింది ప్రవేశ ద్వారం దగ్గర. పైగా కోల్‌కతాలో కొన్ని రోడ్లు ఉదయం ఒక దిశలో, మధ్యాహ్నం తర్వాత ఎదురు దిశలో వన్‌వేగా నడుస్తాయి. కాగితం మీదైతే ఆ వేళలన్నీ పట్టిక వేయాల్సిందే. ఫోనుకు టైమ్ తెలుసు కనుక ఆ క్షణానికి వర్తించే బాణం గుర్తు ఒక్కటి చూపితే చాలు. చిన్న తెర పెద్ద కాగితాన్ని దాటిపోయే చోటు ఇదే.

రంగులు, శంకువు, వార్డులు

ముంపు సమాచారాన్ని వార్డుల వారీగా రంగులద్ది చూపడం అధికారులకు అలవాటు. కోల్‌కతా నగరపాలక సంస్థలో 144 వార్డులు, సుమారు 206 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం. నగరమంతా తెరలో పట్టేలా 11వ జూమ్‌లో చూస్తే సగటు వార్డు 17 పిక్సెళ్ల వెడల్పు తేలుతుంది. ఇరుకైన ఉత్తర కోల్‌కతా వార్డులు ఇంకా చిన్నవి. వేలికి అందవు, రంగు కంటికి ఆనదు. ‘మీరున్నది ఫలానా వార్డు, మోకాలి లోతు నీళ్లు’ అన్న ఒక్క వాక్యం పైన, దాని కింద ఆ చుట్టుపక్కల మ్యాప్. చాలాసార్లు ఇంతకుమించి అక్కర్లేదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా పోల్చలేనివారూ ఉంటారు కనుక, లోతును రంగుతోపాటు అంకెతో కూడా చెప్పాలి. తెరలో పావు వంతు తినేసే రంగుల సూచిక పెట్టె అప్పుడు అవసరమే ఉండదు.

తుపాను మ్యాప్‌లో ప్రమాదం మరో రకం. 2020 మే 20న ఆంఫన్ సుందర్‌బన్ దగ్గర తీరం దాటి కోల్‌కతాను చీల్చి చెండాడింది. 2014 హుద్‌హుద్ నాటి విశాఖను చూసినవారికి అది ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఇలాంటప్పుడు తుపాను నడిచే దారి చుట్టూ ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే శంకువు గీస్తారు. తుపాను కేంద్రం ఎటైనా జరగొచ్చన్న అనిశ్చితికి అది గుర్తు. చాలామంది దాన్ని తుపాను సైజు అనుకుంటారు, శంకువు గీతకు అవతల ఉన్నవారు తమకు భయం లేదనుకుంటారు. వివరణ రాసే చోటే ఉండని ఫోన్ తెర మీద ఈ అపార్థం ఇంకా పెరుగుతుంది. గాలులు వీచే మేరను విడిగా చూపడం, ‘గీత బయట కూడా ముప్పు ఉంటుంది’ అని ఆ గీత మీదే రాయడం తప్ప మార్గం లేదు.

మన లిపి దగ్గర

తెలుగులో మ్యాప్ చేయబోయేవారికి అదనంగా ఒక పని పడుతుంది. ఇంగ్లిష్ అక్షరాలు ఒక గీత మీద నిలబడతాయి. తెలుగుకు పైన గుడి, కింద వత్తు. ‘ఎస్ప్లనేడ్’ అని రాస్తే కిందా పైనా రెండు వైపులా జాగా కావాలి. ఇంగ్లిష్ కోసం లెక్కగట్టిన పేరు పెట్టెలో వత్తు తెగిపోతుంది, లేదా కింది గీతకు తగులుతుంది. పెద్ద ప్రాంతాల పేర్లను అక్షరాల మధ్య ఎడం పెంచి పరచడం పాత మ్యాప్‌ల సంప్రదాయం. తెలుగుకు అలా చేస్తే వత్తు ఒకచోట, అక్షరం ఒకచోట పడే ప్రమాదం ఉంది. ఒక్కో అక్షర సంకేతాన్ని విడిగా పేర్చే కొన్ని ఓపెన్ సోర్స్ మ్యాప్ లైబ్రరీలు తెలుగు, బెంగాలీ, హిందీ సంయుక్తాక్షరాలను సరిగా కూర్చలేక ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టాయి. వాటితో చేసిన యాప్‌లు చివరికి ఇంగ్లిష్ పేర్లతోనే సరిపెట్టుకున్నాయి. కాబట్టి యాప్ విడుదలకు ముందు ‘శ్రీకాకుళం’, ‘కృష్ణా’, ‘భద్రాద్రి’ లాంటి పేర్లను చవక ఫోన్‌లో, ఎండలో, చిన్న జూమ్‌లో చదివి చూడాల్సిందే.

చివరగా తేదీ. జాగా చాలక యాప్‌లు ముందుగా తీసేసేది దాన్నే. 2025 జులై చివర్లో స్తంభాలకు పగుళ్లు కనిపించడంతో బ్లూ లైన్ దక్షిణ కొసనున్న కవి సుభాష్ స్టేషన్‌ను మూసేశారు. రైళ్లు ఒక స్టేషన్ ముందే, షహీద్ ఖుదీరామ్ దగ్గర ఆగడం మొదలైంది. అంతకుముందు ఫోన్లలో దాచుకున్న మెట్రో బొమ్మల్లో మాత్రం రైలు ఆ కొస దాకా వెళ్తూనే ఉంది. ‘2025 జూన్ నాటిది’ అని ఒక మూల రాయడానికి పట్టేది 80 పిక్సెళ్ల జాగా.