పరీక్ష కంటే ముందు వచ్చిన లైసెన్సు

కాలిఫోర్నియాలో ఇతరులకు ఇళ్లు కట్టిపెట్టే కాంట్రాక్టరు కావాలంటే రెండు పేపర్ల పరీక్ష దాటాలి. దానికంటే ముందు, గత పదేళ్లలో కనీసం నాలుగేళ్లు పూర్తి స్థాయి పనివాడిగానో, ఫోర్‌మన్‌గానో, కాంట్రాక్టరుగానో చేశానని, ఆ పని కళ్లారా చూసినవాళ్ల సంతకంతో రుజువు చేయాలి. ఇదంతా చూసినవారికి ఒక అభిప్రాయం సహజంగా కలుగుతుంది: గోడ నిలబెట్టడం, కప్పు వేయడం వచ్చో రాదో తేల్చడానికి ప్రభుత్వం పరీక్ష పెట్టింది, నెగ్గినవాళ్లకు లైసెన్సు ఇస్తోంది అని. చరిత్ర మాత్రం తిరగేసి నడిచింది. ఆ రాష్ట్రంలో కాంట్రాక్టర్ల లైసెన్సు 1929లో వచ్చింది. పరీక్ష తప్పనిసరి అయింది 1938లో. మధ్యలో తొమ్మిదేళ్లు పరీక్ష తప్పనిసరి కాకుండానే లైసెన్సు నడిచింది. ఈ తొమ్మిదేళ్ల ఎడం ఏదో పొరపాటున జరిగింది కాదని నా వాదన. లైసెన్సు పుట్టింది పనితనాన్ని కొలవడానికి కాదు, డబ్బు పుచ్చుకున్న మనిషిని జవాబుదారీగా నిలబెట్టడానికి. పరీక్ష తర్వాత వచ్చి ఆ లక్ష్యానికే తోడైంది.

1920లలో దక్షిణ కాలిఫోర్నియా ఎలా పెరిగిందో గుర్తుచేసుకుంటే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. లాస్ ఏంజెలెస్ నగర జనాభా 1920లో సుమారు 5.77 లక్షలు, 1930 నాటికి 12.38 లక్షలు. పదేళ్లలో ఊరు రెట్టింపు దాటితే, సుత్తి పట్టుకున్న ప్రతివాడికీ పని దొరుకుతుంది. పని చేతకాని మేస్త్రీ ఇంటి యజమానికి ఎప్పుడూ ఉన్న బెడదే. అంతకంటే పెద్ద ప్రమాదం చట్టంలోనే ఉంది. 1879 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగం కూలివాళ్లకూ, సరుకు ఇచ్చినవాళ్లకూ ఒక హక్కు ఇచ్చింది. తమకు రావలసిన సొమ్ము రాకపోతే వారు ఆ ఇంటి మీదే క్లెయిము పెట్టవచ్చు. దీన్ని మెకానిక్స్ లీన్ అంటారు. పేదవాడి చెమటకు రక్షణగా పెట్టిన మంచి హక్కు ఇది, సందేహం లేదు. కానీ నడిమధ్యన ఉన్న కాంట్రాక్టరు యజమాని దగ్గర డబ్బంతా తీసుకుని, కలప అడితీకి బాకీ కట్టకుండా మాయమైతే, అడితీవాడు వచ్చి ఇంటి మీద పడతాడు. ఒకసారి కట్టిన డబ్బునే యజమాని రెండోసారి కట్టాలి, లేదా ఇల్లు వేలానికి వెళుతుంది. గోడలు నిటారుగా ఉన్నాయా వంకరగా ఉన్నాయా అన్న ప్రశ్న ఇక్కడ రానే రాదు. చక్కగా కట్టిన ఇల్లు కూడా ఇలాగే చేజారిపోవచ్చు.

నేటి లైసెన్సు చట్టంలో, క్రమశిక్షణ చర్యలకు కారణాలు చెప్పే సెక్షన్లను వరసగా చదివితే ఆ పాత భయమే కనిపిస్తుంది. 7107 పనిని మధ్యలో వదిలేసి పోవడం గురించి. 7108 ఒక ఇంటి కోసం ఇచ్చిన డబ్బును మరోచోటికి మళ్లించడం గురించి. 7109 ప్లానుకూ వృత్తిలో ఒప్పుకున్న ప్రమాణాలకూ భిన్నంగా కట్టడం గురించి. 7113 ఒప్పుకున్న ధరకు పని పూర్తి చేయకపోవడం గురించి. 7120 డబ్బు చేతిలో పడ్డా సరుకుకూ కూలికీ చెల్లించకపోవడం గురించి. వీటిలో తాపీపనికీ వడ్రంగానికీ నేరుగా సంబంధించింది ఒక్కటి ఉందేమో, మిగిలినవన్నీ మాటకూ డబ్బుకూ సంబంధించినవే.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. 1928 మార్చి 12 అర్ధరాత్రికి కాస్త ముందు లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్ కూలి నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. లైసెన్సు చట్టం ఆ మరుసటి ఏడాదే వచ్చింది. అంటే నాసిరకం నిర్మాణం మీద పుట్టిన భయమే ఈ చట్టానికి మూలం కదా? కాలం దగ్గరగా ఉన్నంత మాత్రాన కారణం అయిపోదు. ఆ డ్యామును ఏ ప్రైవేటు కాంట్రాక్టరూ కట్టలేదు. చీఫ్ ఇంజినీరు విలియం మల్హాలండ్ ఆధ్వర్యంలో నగర జలవనరుల విభాగమే తన సిబ్బందితో కట్టుకుంది. ఎంత గొప్పవాడైనా సరే, ఒక్క ఇంజినీరు నిర్ణయానికి ఇంత పెద్ద డ్యామును వదిలేయకూడదని కరోనర్ విచారణలో జ్యూరీ తేల్చింది. దానికి జవాబుగా 1929లో శాసనసభ రెండు పనులు చేసింది: డ్యాముల భద్రతను రాష్ట్ర పర్యవేక్షణ కిందికి తెచ్చింది, సివిల్ ఇంజినీర్ల రిజిస్ట్రేషన్ చట్టం చేసింది. కాంట్రాక్టర్ల లైసెన్సు బ్యూరో అదే ఏడాది విడిగా, వేరే అవసరం కోసం పుట్టింది. కట్టడం కూలకుండా చూసే బాధ్యతను ఇంజినీరు మీదా ఇన్‌స్పెక్టరు మీదా పెట్టారు. కాంట్రాక్టరు మీద పెట్టింది లెక్క చెప్పే బాధ్యత.

1933లో వచ్చిన భూకంపం ఈ విభజనను మరింత గట్టిపరిచింది. ఆ మార్చి 10 సాయంత్రం లాంగ్ బీచ్ ప్రాంతంలో నేల కదిలి దాదాపు 120 మంది ప్రాణాలు కోల్పోయారు. బలహీనమైన సున్నంతో కట్టిన ఇటుక బడులు ఎన్నో కుప్పకూలాయి. బడి వదిలిన తర్వాత కాబట్టి సరిపోయింది, రెండు మూడు గంటలు ముందు వచ్చి ఉంటే ఆ లెక్క చెప్పడానికి కూడా మనసొప్పదు. సరిగ్గా నెల రోజుల్లో, ఏప్రిల్ 10న, ఫీల్డ్ చట్టం వచ్చింది. బడి భవనాల డిజైన్లను రాష్ట్ర నిపుణులే పరిశీలించాలి, కట్టేటప్పుడు ఇన్‌స్పెక్టరు నిరంతరం దగ్గరుండి చూడాలి. రైలీ చట్టం స్థానిక సంస్థలన్నింటికీ భవన తనిఖీ విభాగాలు ఉండాలంది. కాంట్రాక్టరు పనితనాన్ని పరీక్షించడమే ప్రభుత్వ ఉద్దేశమైతే దానికి అంతకు మించిన సందర్భం ఉండదు. అప్పటికి లైసెన్సు వ్యవస్థ వచ్చి నాలుగేళ్లయింది. అయినా పరీక్ష మాట వెంటనే రాలేదు. 1935లో బ్యూరో బాధ్యతలు ఏడుగురు సభ్యుల బోర్డుకు అప్పగించారు. అదే నేటి కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డు. తాము ఎంచుకున్న విభాగంలో సామర్థ్యం చూపాలన్న పరీక్ష 1938లో వచ్చింది. 1947 నాటికి అనుభవం ఎంత ఉండాలో నిర్ణయించే అధికారం, పనులను తరగతులుగా విడదీసే అధికారం బోర్డుకు దక్కాయి. నేడు ఏ తరగతి రోడ్లూ వంతెనల వంటి ఇంజినీరింగు పనులకు, బీ తరగతి భవనాలకు, సీ తరగతి కరెంటు, ప్లంబింగు, రూఫింగు లాంటి ప్రత్యేక పనులకు. ఇంటి మరమ్మతులు, మార్పులు చేసేవారి కోసం 2021లో బీ-2 అనే కొత్త తరగతి చేరింది.

పరీక్ష స్వభావం ఏమిటో తెలియాలంటే దానికి చదివేవాళ్లను చూడాలి. ఇరవై ఏళ్లు వడ్రంగం చేసిన మనిషికి వృత్తి పేపరు పెద్ద గండం కాదు. తెలిసిన పనినే నాలుగు జవాబుల్లోంచి ఏరుకోవాలి. కష్టపెట్టేది రెండోది, చట్టం, వ్యాపారం అనే పేపరు. ఇంటి మార్పుల ఒప్పందంలో అడ్వాన్సుగా వెయ్యి డాలర్లో, మొత్తం ధరలో పది శాతమో, ఏది తక్కువైతే అంతే తీసుకోవాలని అక్కడ నేర్చుకోవాలి. యాభై వేల డాలర్ల వంటగది పనికి కూడా చేతికి ముందుగా వచ్చేది వెయ్యే. సంతకం చేశాక మూడు పనిదినాల్లోపు యజమాని ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఆ యజమానికి 65 ఏళ్లు నిండితే గడువు అయిదు పనిదినాలు. సరుకు ఇచ్చేవాడు లీన్ హక్కు కాపాడుకోవాలంటే సరుకు ఇవ్వడం మొదలుపెట్టిన ఇరవై రోజుల్లోపు ముందస్తు నోటీసు ఇవ్వాలి. పనివాళ్ల బీమా, జీతాల పన్నులు, ప్రమాదాల నివారణ, లెక్కల పుస్తకాలు అన్నీ ఆ పేపరులోనే. వేలాది మంది సాయంత్రాలు పని దిగి వచ్చి ఈ సంగతులు వల్లె వేస్తారు. వారికి పాఠాలు చెప్పే కోచింగ్ సంస్థలు ఒక వ్యాపారంగా ఎదిగాయి. కొన్ని పొరుగు రాష్ట్రాల లైసెన్సుదారుల విషయంలో బోర్డు పాటించే నియమం నా వాదనకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం. అరిజోనా, నెవాడా వంటి రాష్ట్రాల్లో తగినన్నేళ్లు లైసెన్సుతో పనిచేసినవారికి వృత్తి పరీక్ష మినహాయించవచ్చు. చట్టం పేపరును మాత్రం మినహాయించరు. గోడ కట్టడం ఎక్కడైనా ఒకటే. ఈ రాష్ట్రంలో ఎవరికి ఏం బాకీపడతావన్నది మాత్రం ఇక్కడే నేర్చుకోవాలి.

ఈ వ్యవస్థకు అసలు పదును 7031వ సెక్షన్‌లో ఉంది. లైసెన్సు అవసరమైన పనిని అది లేకుండా చేసినవాడు తన సొమ్ము కోసం కోర్టుకెక్కలేడు. పని ఎంత బాగా చేసినా సరే. 1991లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన హైడ్రోటెక్ కేసును గమనించండి. పామ్ స్ప్రింగ్స్‌లో ఒక వాటర్ పార్కుకు అలలు పుట్టించే కొలను కట్టడంలో న్యూయార్క్ కంపెనీ ఒకటి పాలుపంచుకుంది. తనకు అక్కడ లైసెన్సు లేదని వెనకాడితే, డబ్బు తప్పక ఇస్తామని నమ్మించి పని చేయించుకున్నారని, తర్వాత బాకీ ఎగ్గొట్టారని దాని ఫిర్యాదు. మోసం జరిగిందన్న ఆరోపణ నిజమే అయినా దావా చెల్లదని కోర్టు తేల్చింది. 2001లో శాసనసభ ఇంకో అడుగు వేసి, లైసెన్సు లేనివాడికి ఇదివరకే చెల్లించిన సొమ్మును కూడా యజమాని తిరిగి రాబట్టుకోవచ్చంది. పని మొదలుపెట్టే నాటికి లైసెన్సు లేకపోతే, మధ్యలో తెచ్చుకున్నా ఆ ఒప్పందం కింద ఏమీ రాదని 2005లో ఎం.డబ్ల్యూ. ఎరెక్టర్స్ కేసులో అదే కోర్టు చెప్పింది. రోజు జీతానికి పనిచేసే కూలికి ఈ శిక్ష వర్తించదు, అతనికి లైసెన్సే అవసరం లేదు. అయినా, లైసెన్సు లేదని తెలిసి మరీ పని చేయించుకున్న యజమానికి, చేసిన పని దక్కించుకుని డబ్బు కూడా వెనక్కి తీసుకునే హక్కు ఇవ్వడం అన్యాయమనే నా అభిప్రాయం. భయం పెట్టడానికి బాకీ కోసం దావా వేసే హక్కు లేకపోవడమే చాలు. కానీ ఈ కఠినత్వంలోనే చట్టం మనసు తెలుస్తుంది. అది పని నాణ్యత అడగడం లేదు. నువ్వు ఎవరివి, నీ పేరు ఏ పుస్తకంలో ఉంది అని అడుగుతోంది.

లైసెన్సుల మీద అందరికంటే గట్టి విమర్శ ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్‌ది. 1962లో వచ్చిన తన పుస్తకంలో, ప్రజల రక్షణ పేరుతో వచ్చే లైసెన్సులు చివరికి ఆ వృత్తిలో ముందే ఉన్నవాళ్లకు కోటగోడలవుతాయని ఆయన వాదించాడు. ఆ మాటలో నిజముంది. పోటీ తగ్గాలని కోరుకోని వృత్తి సంఘం అరుదు. ప్రశ్నపత్రాల తయారీలో సాయపడేది కూడా ఆ వృత్తిలోనివాళ్లే. అయితే వైద్యుడి లైసెన్సుకూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఇక్కడ డిగ్రీ అక్కరలేదు, కాలేజీ సీట్ల సంఖ్య అడ్డురాదు, 18 ఏళ్లు నిండి పని అనుభవం ఉంటే చాలు. తప్పినవాళ్లు మళ్లీ రాసుకోవచ్చు. రెండున్నర లక్షలకు పైగా లైసెన్సులు అమలులో ఉన్న రాష్ట్రాన్ని కోట అనలేం. బోర్డులో కూడా ఇప్పుడు కాంట్రాక్టర్ల కంటే ప్రజల తరఫు సభ్యులే ఎక్కువ. లోపాలు వేరే చోట ఉన్నాయి. ఎన్ని లక్షల పని చేసినా కాంట్రాక్టరు కట్టే బాండు 25,000 డాలర్లే, అదీ 2023లో పెంచాక. పెద్ద ఇల్లు సగంలో ఆగితే ఆ సొమ్ము ఏ మూలకు? ఇంకొకటి, కంపెనీ తరఫున పరీక్ష రాసే బాధ్యుడు ఒకడుంటాడు. అతను వెళ్లిపోతే 90 రోజుల్లో మరొకర్ని చూపాలి. కొందరు తమ లైసెన్సును ఇలా అద్దెకిచ్చి పని ముఖం చూడకుండా ఉంటారు. పేరున్న మనిషిని పట్టుకోవడమే లక్ష్యమైన చట్టానికి ఇంతకంటే పెద్ద చిల్లు లేదు. విపత్తుల తర్వాత జవాబు చెప్పే పేరే లేని కాంట్రాక్టరు ఎంత ప్రమాదమో తెలుసు కాబట్టే, అత్యవసర పరిస్థితి ప్రకటించిన ప్రాంతంలో లైసెన్సు లేకుండా ఇళ్ల మరమ్మతులకు దిగడాన్ని అక్కడ తీవ్ర నేరంగా చూడవచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో కాంట్రాక్టరు రిజిస్ట్రేషను ఉంది, తరగతులూ ఉన్నాయి. కానీ అవి ప్రభుత్వ పనుల టెండర్ల కోసం, చేసిన పనుల విలువ, ఆర్థిక స్తోమత చూసి ఇచ్చేవి. 2016 నాటి రెరా చట్టం ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మే బిల్డర్లను పట్టుకుంది. సొంత స్థలంలో మేస్త్రీతో మాట్లాడుకుని ఇల్లు కట్టించుకునే కుటుంబం ఈ రెండింటి బయటే ఉండిపోయింది. వాళ్ల ఒప్పందం చాలాసార్లు నోటిమాట, లేదా వంద రూపాయల స్టాంపు కాగితం. స్లాబు వేశాక మేస్త్రీ ఫోను ఎత్తకపోతే సివిల్ కోర్టో వినియోగదారుల కమిషనో పట్టుకుని తిరగాలి. మన మేస్త్రీలకు బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష పెట్టాలని నేను అనను. కాలిఫోర్నియా మొదటి తొమ్మిదేళ్లలా పరీక్ష తప్పనిసరి కాని నమోదు చాలు, దానికి తోడు ఒక నంబరు, చిన్న బాండు, రాతపూర్వక ఒప్పందం, అడ్వాన్సుకు హద్దు. మంచి మేస్త్రీకీ ఇది మేలే, ఊరికో మోసగాడి వల్ల అతనికి అంటుకున్న అపనమ్మకం తగ్గుతుంది. ఇక కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లోనో శాన్ రమాన్‌లోనో వంటగది బాగుచేయించుకోబోతున్న మనవాళ్లకు ఒక మాట. తెలిసినవాళ్లు చెప్పారని చెక్కు రాయకండి. అక్కడ కాంట్రాక్టరు ప్రతి ప్రకటనలోనూ తన లైసెన్సు నంబరు వేయాలి. ఆ నంబరు అడిగి బోర్డు వెబ్‌సైట్‌లో వెతికి, లైసెన్సు అమలులో ఉందో లేదో, బాండూ పనివాళ్ల బీమా ఉన్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే వెయ్యి డాలర్లు మించకుండా అడ్వాన్సు ఇవ్వండి.