ఆర్ట్ చదువా? ముందు పిల్లల ప్రదర్శన చూసి రండి

హైస్కూల్లో ఉన్న మా అమ్మాయి ఆర్ట్ చదువుతానంటే, బీఎస్సీ చదివిన నాకు భయమేసింది. "ఉద్యోగం వస్తుందా?" అన్నాను. "ఒకసారి వచ్చి చూడమ్మా" అంది.

యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ క్యాంపస్‌లో బ్లాఫర్ ఆర్ట్ మ్యూజియం ఉంది. 1973లో మొదలైంది, ప్రవేశం ఉచితం. పేరున్న కళాకారుల ప్రదర్శనలతో పాటు స్కూల్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థుల వార్షిక ప్రదర్శన, ఎంఎఫ్ఏ థీసిస్ ప్రదర్శన ఇక్కడే పెడతారు. పెయింటింగ్, శిల్పం, ఫొటోగ్రఫీ, గ్రాఫిక్ డిజైన్‌లలో ఏం నేర్పుతారో బ్రోచర్ కన్నా ఆ గోడలు చూస్తేనే బాగా తెలుస్తుంది.

తల్లిదండ్రులు గమనించాల్సినవి:

* అమెరికాలో బీఎఫ్ఏ అంటే దాదాపు మూడింట రెండు వంతులు ఆర్ట్ కోర్సులే. బీఏలో అవి తక్కువ కాబట్టి ఇంకో మేజర్ కలుపుకోవడం తేలిక.
* 7 నుంచి 12 గ్రేడ్ల పిల్లలు స్కొలాస్టిక్ ఆర్ట్ అవార్డులకు పోటీపడవచ్చు.
* ఇండియా నుంచి ఎఫ్-1పై వచ్చేవారికి సెమిస్టర్‌లో క్యాంపస్ పని వారానికి 20 గంటల వరకే. ఓపీటీ 12 నెలలు. పెయింటింగ్, శిల్పం స్టెమ్ కోర్సులు కావు, కనుక మరో 24 నెలల పొడిగింపు రాదు.

మా అమ్మాయి ఇంకా ఏదీ తేల్చుకోలేదు. నేను మాత్రం వద్దనడం మానేశాను.