పావగడ పురసభ

కర్ణాటక తుమకూరు జిల్లాలో, దాదాపు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్‌ ఆవరించిన పావగడ తాలూకా కేంద్రంలోని పట్టణ పాలక సంస్థ. ఇక్కడ తెలుగు మాట్లాడేవారు ఎక్కువ. ఇది మొదట పట్టణ పంచాయతీ. తర్వాత పురసభ స్థాయికి పెరిగింది.

1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలను మూడు తరగతులుగా విభజించింది. కర్ణాటక పురసభల చట్టం (1964) ప్రకారం పట్టణ పురసభకు జనాభా 20,000 నుంచి 50,000 మధ్య ఉండాలి. జనసాంద్రత, ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి కూడా లెక్కలోకి వస్తాయి. ప్రభుత్వం ముందుగా ముసాయిదా ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు విని, ఆపై తుది ప్రకటనతో హద్దులు ఖరారు చేస్తుంది.

హద్దు జరిగితే పల్లె బతుకే మారుతుంది. పురసభలో కలిసిన ఊరికి గ్రామ పంచాయతీ ఉండదు, గ్రామీణ ఉపాధి హామీ పనులు ఆగిపోతాయి, ఇంటి పన్ను పట్టణ లెక్కకు మారుతుంది. వానలు తక్కువైన పావగడలో కూలి పనే ఆధారమైన కుటుంబాలకు ఇది చిన్న నష్టం కాదు. అందుకే అభ్యంతరాల గడువును లాంఛనంగా చూడకూడదు. ప్రకటనలోని సర్వే నంబర్లను గ్రామసభలో చదివి వినిపించాలి. పెద్ద ప్రాజెక్టు వచ్చినంత మాత్రాన ఊరి హద్దు మారదు: తాలూకాలోని తిరుమణి ప్రాంతంలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్‌ పార్కు వెలసినా, అక్కడి ఊళ్లది నేటికీ గ్రామీణ పాలనే.