భయమూ, తోడూ

విశాఖపట్నం నుంచి విజయనగరం పోయే జాతీయ రహదారిపై, గోస్తనీ నది ఒడ్డున తగరపువలస ఉన్నది. భీమునిపట్నం పోయే బాట ఇక్కడనే చీలుతుంది. చుట్టుప్రక్కల పల్లెలవారికి బట్టలకైనా, పెండ్లి సరకులకైనా ఇదే అంగడి. ఇట్టి కూడలిని దాటడం మనలో చాలమందికి ఒక పని అని కూడ తోచదు. కాని దానిని దాటలేనివారు ప్రతి ఊరిలోను ఉన్నారు. వారి కాళ్లకు జబ్బు లేదు. కంటికి మసక లేదు. జనం మధ్యకు అడుగు పెట్టగానే గుండె దడదడలాడుతుంది, ఊపిరి అందదు, చేతులు తిమ్మిరెక్కుతాయి, ఈ క్షణమే ప్రాణం పోతున్నదని తోస్తుంది. కొన్ని నిమిషాలకు అది శమిస్తుంది. మరల వస్తుందేమో అన్న భయం మాత్రం శమించదు. అట్టివారు మొదట సంతను మానుకొంటారు. తరువాత బస్సును, తరువాత గుడిని. చివరకు వీధి గుమ్మాన్ని కూడ మానుకొంటారు.

మన పెద్దలు ఇట్టి భయాన్ని జడుపు అన్నారు. తాయెత్తు కట్టించారు, దిష్టి తీశారు. ఉరుము ఉరిమినప్పుడు పిల్లలచేత అర్జునుని పేర్లు చెప్పించారు. వైద్యశాస్త్రం దీనికి అగోరఫోబియా అని పేరు పెట్టింది. అగోరా అనగా గ్రీకు భాషలో జనులు కూడే చోటు, సంత. కనుక ఆ పెద్దమాటకు మన తెలుగులో సంతభయం అని అర్థం చెప్పుకొన్నా తప్పులేదు. ఈ భయం నుంచి కోలుకొనే దారిలో తోటి మనిషి పాత్ర ఏమిటో చరిత్ర ఏమి చెబుతున్నదని మేము ఈ ప్రసంగంలో పరిశీలించదలచినాము.

ఈ చరిత్రలో 1871వ సంవత్సరం విచిత్రమైనది. ఆ యేట బెర్లిన్ నగరంలో కార్ల్ వెస్ట్‌ఫాల్ అనే వైద్యుడు ముగ్గురు రోగుల వృత్తాంతాన్ని ప్రకటించి, అగోరఫోబియా అనే పేరును లోకానికి ఇచ్చినాడు. ఆ యేటనే అమెరికాలో జేకబ్ డా కోస్టా అనే వైద్యుడు, అంతర్యుద్ధంలో పనిచేసిన సైనికులలో గుండెదడ, ఆయాసం, ఛాతీనొప్పి ఉండీ గుండెకు జబ్బు కనిపించని వారిని గురించి ఒక వ్యాసం వ్రాసినాడు. ఆ యేటనే మన విశాఖపట్నంలో, వాల్తేరులో, మానసిక రోగుల ఆశ్రయం నెలకొన్నది. నేడు అది ప్రభుత్వ మానసిక వైద్యశాలగా కొనసాగుతున్నది. ఈ మూడింటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. అయినను మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు ఒక సంగతి స్పష్టమవుతుంది. ఆనాటి ఆశ్రయాలు 1858 నాటి చట్టం క్రింద నడిచినవి. మతి చలించినవారిని గోడల లోపల ఉంచడం వాటి పని. సంతభయం గలవాని మతి చలించలేదు. తన భయం అర్థరహితమని అతనికే తెలుసు. కనుక అతనికి ఆ గోడల మధ్య చోటు లేదు. తన ఇంటి గోడలే అతనికి మిగిలినవి.

వెస్ట్‌ఫాల్ వ్రాసిన వృత్తాంతంలో మేము ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆయన రోగులు విశాలమైన కూడళ్లను, నిర్మానుష్యమైన వీధులను ఒంటరిగా దాటలేకపోయేవారు. ప్రక్కన ఒక మనిషి నడిస్తే దాటగలిగేవారు. ఒక్కొక్కప్పుడు ముందు పోయే బండి అయినా, చేతిలోని కర్ర అయినా వారికి ధైర్యమిచ్చేది. అంటే ఈ వ్యాధికి పేరు పెట్టిన రోజుననే తోడు అనే మందు కూడ వైద్యుని కంటబడినది.

అయితే ఆ మందులో ఒక చిక్కు ఉన్నది. తోడు ఉంటేనే నడిచేవాడు, తోడు లేనినాడు ఇంకను భయపడతాడు. భర్త లేనిదే అంగడికి పోలేని భార్య, కొడుకు లేనిదే బ్యాంకుకు పోలేని తండ్రి క్రమంగా ఆ మనుషులకు కట్టుబడిపోతారు. కట్టుబడినవారికి కష్టం, కట్టివేయబడినవారికి విసుగు. ఇక్కడ మన సమాజాన్ని గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఆడపిల్ల ఇల్లు కదలకపోతే మన ఇండ్లలో దానిని వ్యాధి అనుకోరు. ఇంటిపట్టున ఉండే బుద్ధిమంతురాలని మెచ్చుకొంటారు. ఆ మెప్పు చాటున ఎన్ని యేండ్ల భయం దాగి ఉన్నదో ఎవరు అడగరు. మగవాడు కదలకపోతే పిరికివాడని నవ్వుతారు. ఒకరికి మెప్పు, ఒకరికి నవ్వు. చికిత్స మాత్రం ఇద్దరికీ లేదు. వెస్ట్‌ఫాల్ వర్ణించిన ముగ్గురూ పురుషులే. కాని ఈ భయం స్త్రీలలోనే ఎక్కువ అని తరువాతి పరిశోధనలు తేల్చినవి.

మరి కట్టివేయని తోడు ఎట్టిది? దీనికి సమాధానం వెదకడానికి తగరపువలస నుంచి మేము చాల దూరం పోనక్కరలేదు. గోస్తని సముద్రంలో కలిసే భీమునిపట్నం దగ్గర పావురాలకొండ ఉన్నది. అక్కడికి విశాఖపట్నం వైపుగా తొట్లకొండ, బావికొండ ఉన్నవి. రెండువేల యేండ్ల నాడు ఈ కొండలపై బౌద్ధ భిక్షువులు విహారాలు కట్టుకొని నివసించినారు. బౌద్ధుల పాలి గ్రంథాలలో భయభేరవ సుత్తం అనేది ఒకటి ఉన్నది. ఏకాంతమైన అడవులలో నివసించడం కష్టం కదా అని ఒక బ్రాహ్మణుడు అడుగగా బుద్ధుడు చెప్పిన సమాధానం అందులో ఉన్నది. జ్ఞానం కలుగకముందు తనకు కూడ భయం వేసేదని ఆయన ఒప్పుకొంటాడు. నడుస్తుండగా భయం వస్తే నిలువకుండ, కూర్చోకుండ, ఆ నడకలోనే దానిని అణచినాననీ, కూర్చొని ఉండగా వస్తే లేచిపోకుండ అక్కడనే అణచినాననీ చెబుతాడు. భయం వచ్చిన చోటు నుంచి పారిపోకుండ అది తగ్గేవరకు అక్కడనే ఉండడం నేటి మనోవైద్యంలో ముఖ్యమైన పద్ధతి. అంతకంటె ముఖ్యమైనది ఆ మాట చెప్పిన తీరు. భయపడవద్దు అని ఆయన ఆజ్ఞాపించలేదు. నాకూ భయం వేసింది, నేను ఇట్లా చేసినాను, అన్నాడు. ఆ దారిన ముందు నడిచినవాని మాటకు గల బలం అది.

ఆధునిక కాలంలో ఈ సత్యాన్ని తన బ్రతుకులో చూచిన వ్యక్తి ఆస్ట్రేలియాకు చెందిన డాక్టర్ క్లేర్ వీక్స్. ఆమె 1903లో సిడ్నీలో పుట్టినది. యౌవనంలో ఆమెకు క్షయ అని పొరపాటున నిర్ణయించగా, ఆ దిగులుతో గుండెదడ పట్టుకొన్నది. క్షయ కాదని తేలినా దడ పోలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి వచ్చిన మిత్రుడొకరు ఆమె గోడు విని, యుద్ధరంగంలో సైనికుల గుండెలు కూడ భయంతో అట్లే కొట్టుకొనేవనీ, ఆ దడను చూచి మరల భయపడుతున్నందువల్లనే అది ఆగడంలేదనీ వివరించినాడు. ఆ వివరణ ఆమెకు దారి చూపినది. 1871లో డా కోస్టా సైనికులలో చూచిన గుండెదడకు, సుమారు అరువది యేండ్ల తరువాత ఒక సైనికుడే అర్థం చెప్పినట్లయినది.

జీవశాస్త్రంలో డాక్టరేటు పొందిన తరువాత వీక్స్ వైద్యవిద్య కూడ అభ్యసించి 1945లో పట్టం పుచ్చుకొన్నది. 1962లో తన మొదటి పుస్తకాన్ని సామాన్యుల కొరకు ప్రకటించినది. ఆమె ఉపదేశం నాలుగు మాటలు: భయాన్ని ఎదుర్కొను, ఒప్పుకొను, దానితో పెనుగులాడక తేలిపో, కాలానికి వదలు. గడప దాటలేనివారు వైద్యుని వద్దకు ఎట్లు పోగలరు? అందువలన ఆమె తన గొంతును రికార్డులలో ఎక్కించి, పుస్తకాలతోపాటు వారి ఇండ్లకు పంపినది. ఇట్లు దూరం నుంచి చికిత్స పొందిన బ్రిటన్ దేశపు 528 మందిని గురించి 1973లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆమె వ్రాసినది. వారిలో అధికసంఖ్యాకులు మేలు పొందినట్లు నివేదించినది. అది రోగుల సమాధానాలను బట్టి చేసిన పరిశీలనయే గాని, చికిత్స పొందనివారితో పోల్చి చేసిన పరీక్ష కాదు. అయినను ఒక కంఠస్వరం మూసిన తలుపు దాటి పోగలదన్న సంగతి, రేడియో వినే ఇండ్లవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక వ్యక్తి అనుభవం సంఘంగా మారడం కూడ ఈ కాలంలోనే జరిగినది. 1937లో చికాగో నగరంలో డాక్టర్ అబ్రహాం లో అనే మనోవైద్యుడు, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లినవారిని కూడగట్టి రికవరీ అనే సంఘం స్థాపించినాడు. దాని సమావేశాలలో సభ్యుడొకడు తన రోజువారీ బ్రతుకులోని చిన్న సంఘటనను చెబుతాడు: ఏ చోట గుండె కొట్టుకొన్నది, ఏమి తోచినది, తాను ఏమి చేసినాడు. మిగిలినవారు తమ అనుభవాన్ని బట్టి మాట్లాడతారు. 1952లో ఆ వైద్యుడు నాయకత్వాన్ని సభ్యులకే అప్పగించినాడు. రెండేండ్లకు ఆయన మరణించినా సంఘం ఆగలేదు. ఇంగ్లండులో కాథరిన్, హెరాల్డ్ ఫిషర్ దంపతులు 1970లో ఫోబిక్స్ సొసైటీ స్థాపించినారు. నేడు ఆంగ్జైటీ యు.కె. అనే పేరుతో పనిచేస్తున్నది ఆ సంఘమే.

ఇంటివారి తోడు చేటు చేస్తుందన్న అనుమానానికి కూడ సమాధానం దొరికినది. ఆక్స్‌ఫర్డులో మాథ్యూస్, గెల్డర్, జాన్‌స్టన్ అనే పరిశోధకులు 1970ల దశకంలో ఇంటిలోనే జరిగే చికిత్సను రూపొందించి, 1981లో గ్రంథంగా వెలువరించినారు. అందులో రోగి ప్రతిదినం కొంచెం కొంచెంగా బయటకు నడుస్తాడు. భార్యో భర్తో దగ్గరివారో ప్రోత్సహిస్తారు. రోగి చేయవలసిన నడకను మాత్రం వారు చేయరు. మొదట ప్రక్కన నడుస్తారు, తరువాత వీధి చివర నిలబడతారు, తరువాత ఇంటిలో ఉండి ఎదురుచూస్తారు. తోడు అనేది క్రమంగా వెనుకకు తగ్గవలసిన వస్తువు అని వారు చూపినారు.

మన దేశంలో కుటుంబాన్నే చికిత్సలో భాగం చేసిన మహనీయుడు డాక్టర్ విద్యాసాగర్. 1950ల దశకంలో అమృతసర్ మానసిక వైద్యశాలకు అధిపతిగా ఉండి, ఆవరణలో డేరాలు వేయించి రోగుల బంధువులను వారితోపాటు అక్కడ ఉండనిచ్చినాడు. ఆ రోగులు తీవ్రమైన వ్యాధులు కలవారు. మేము చెప్పుకొంటున్న భయం వేరు. కాని బంధువులు దగ్గర ఉండి వ్యాధిని తెలిసికొన్నప్పుడు వారి భయమూ తగ్గినది, రోగి ఇంటికి తిరిగిపోవడమూ సులభమైనది. 1858 చట్టం స్థానే 1912 చట్టం, దాని స్థానే 1987 చట్టం, ఆపైన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చినవి. రోగిని నిర్బంధించడమెట్లు అన్న ప్రశ్నతో మొదలై, చికిత్స పొందడం పౌరుని హక్కు అన్న మాట వరకు చట్టం నడిచి వచ్చినది.

ఈ చరిత్ర నుంచి ఇంటింటా గ్రహించవలసినది కొంత ఉన్నది. గుండెదడ, ఆయాసం వచ్చినవారిని మొదట వైద్యునికి చూపవలెను; గుండెకు, థైరాయిడ్ గ్రంథికి జబ్బు లేదని తెలిసికొనవలెను. ఇది మనస్సుకు సంబంధించిన వ్యాధి అని తేలితే మందులున్నవి, క్రమశిక్షణతో కూడిన చికిత్స ఉన్నది. తోటివాని మాట వాటికి బదులు కాదు. కాని వైద్యుడు చెప్పలేని ఒక మాటను తోటివాడు చెప్పగలడు: నేనూ చచ్చిపోతున్నాననుకొన్నాను, చావలేదు. ఆ మాట తేలికగా అనేవాడు సలహాదారు; అనుభవించి అనేవాడు సహచరుడు. అట్టి సహచరుడు ఇతరుని తొందరపెట్టడు, తన దారే దారి అనడు, రేపు రాకపోయినా కోపగించడు.

పట్టణాలలోవలె సంఘాలు ప్రతి ఊరిలోను ఉండవు. అయినను 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 అనే సంఖ్యపై ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. గడప దాటలేనివారికి మొదటి అడుగు గడప లోపలనే ఉన్నదన్నమాట. ఇక ఈ భయం నుంచి బయటపడి, ఆ సంగతి ఎవరికీ చెప్పక గుట్టుగా ఉంచుకొన్నవారు మన వీధులలో ఎందరో ఉన్నారు. వారు సిగ్గు విడిచి, ఇల్లు కదలని పొరుగింటి అక్కయ్యతోనో బాబాయితోనో ఒకసారి కూర్చొని తమ కథ చెప్పినట్లయితే, అది ఈ చరిత్రకు తరువాతి పుట అవుతుందని మా నమ్మకం.